శోభారాణి ఎవరి కలలోకి వచ్చింది

చిలుకమ్మ ఎవరినీ నమ్మదు. పాలవాడు పాలు పోస్తే గిన్నె వంచి, అంచుకు పాలు ఎంతసేపు అంటుకుని ఉంటాయో చూస్తుంది. కూరగాయలామె తక్కెడ ఎత్తితే ముల్లు వంక చూడదు, ఆమె చిటికెనవేలి వంక చూస్తుంది. గుడిలో అయ్యగారు కొబ్బరిచిప్ప చేతిలో పెడితే అది తన కాయదేనా, ముందు నిలబడ్డవాళ్లదా అని పీచు చూసి పోల్చుకుంటుంది. నమ్మి చెడినవాళ్లు లేరని పెద్దలన్నారు. అన్న ఆ పెద్దలెవరూ వరంగల్ కొత్తవాడలో నూలు కొని, జంపఖానాలు నేసి, అమ్ముకుని బతికినవాళ్లు కారు. చిలుకమ్మ బతికింది. మొగుడు పోయినా మగ్గం దిగలేదు, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

మగ్గం మీద కూర్చున్నదానికి అనుమానమే సగం పని. ఎక్కడో ఒక పోగు తెగే ఉంటుంది. తెగలేదులే అని నమ్మి నేసుకుంటూ పోతే మూరెడు నేసినాక గీత బయటపడుతుంది. అప్పుడు విప్పాలంటే ఏడుపు. అందుకని ఆమె ముందే వెతుకుతుంది. వెతికినదానికి ఏదో ఒకటి దొరుకుతుంది కూడా.

ఆమెకు ఒక్కతే బిడ్డ, శోభారాణి. అల్లుడు రఘునాథపల్లిలో మరో కాపురం పెట్టుకుంటే శోభారాణి పిల్లను చంకనేసుకుని తల్లిదగ్గరికి వచ్చేసింది. బడిలో మధ్యాహ్నం అన్నం వండే పనికి కుదిరింది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి, తన కాళ్లతో నడిచి ఆటో ఎక్కి దవాఖానకు పోయిన మనిషి, తెల్లబట్ట కప్పుకుని ఇంటికొచ్చింది. బట్ట తీసి మొహం చూపించినా చిలుకమ్మ నమ్మలేదు. కాళ్ల దగ్గరికి పోయి, చిన్నప్పుడు మగ్గం కట్టె తగిలిన మచ్చ బొటనవేలి మీద ఉందో లేదో చూసింది. ఉంది. అప్పుడు కూలబడింది.

శోభారాణి కూతురు దీపకు పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతోంది. తల్లి పోయిననాడు ఆ పిల్ల ఏడవలేదు. దినాలనాడూ ఏడవలేదు. వచ్చినవాళ్లంతా "పిల్ల గుండె గట్టిది" అన్నారు. చిలుకమ్మ ఆ మాట నమ్మలేదు. గట్టి గుండె అయితే అన్నం తినాలి కదా. ఈ పిల్ల అన్నం తినదు, నిద్రపోతుంది. కాలేజీ నుంచి వచ్చి సంచి పారేసి పడుకుంటుంది. ఆదివారమైతే లేచి మొహం కడుక్కుని, ఆ తడి ఆరకముందే మళ్లీ పడుకుంటుంది.

"పొద్దు నెత్తిమీద ఉంటే పండుడేందే? మంచం నిన్ను పట్టుకున్నదా, నువ్వు మంచాన్ని పట్టుకున్నవా?"

"నిద్ర వస్తాంది అమ్మమ్మా."

"నిద్ర వస్తలేదు. నువ్వే దాని దగ్గరికి పోతానవ్."

దీప గోడ వైపు తిరిగింది. తలగడ కింద ఏదో ఎత్తుగా ఉంది.

పిల్ల కాలేజీకి పోయినాక చిలుకమ్మ తలగడ ఎత్తింది. పుస్తకం. ఇటుకంత లావుంది. అట్ట నల్లగా ఉంది. దానిమీద కళ్లు మూసుకున్న ఒక ఆడపిల్ల బొమ్మ, ఆమె జుట్టులోంచి బిలబిలా లేస్తున్న రెక్కల పురుగులు. లోపలంతా ఇంగ్లీషు. చిలుకమ్మకు తెలుగు అక్షరాలైతే ఒక్కొక్కటిగా కూడబలుక్కోవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. పుస్తకాన్ని తలకిందులుగా పట్టి దులిపింది. ఏమీ రాలలేదు. ప్రేమలేఖ రాలి ఉంటే ఆమె ఇంత భయపడేది కాదు. ఏ పిల్లగాడో తెలుసుకుని, వాడి ఇంటికిపోయి నాలుగు దులిపి వచ్చేది. ఈ పుస్తకం ఇంటికి ఎట్లా పోవాలి? చదివి, తలకింద పెట్టుకుని, కళ్లు మూసుకునే చదువు ఏ కాలేజీలో చెప్తారు?

ఆ వారంలోనే మూట సంగతి బయటపడింది. శోభారాణి బట్టలూ వస్తువులూ ఒక పాత జంపఖానాలో మూటగట్టి చిలుకమ్మ అటక మీద పెట్టింది. సాలెవాళ్లు తెగిన పోగుకు వేసే ముడి వేసి కట్టింది. బయటివాళ్లు విప్పగలరేమో కానీ మళ్లీ అట్లాగే కట్టలేరు. దుమ్ము దులుపుదామని మూట దించితే ముడి ముడిలాగే ఉంది. మూట మాత్రం చిక్కిపోయింది. విప్పి చూసుకుంటే పచ్చచీర లేదు, చెప్పులు లేవు, బడికి పట్టుకుపోయే అన్నం డబ్బా లేదు.

ముందు రేకులు బాగుచేయడానికి వచ్చినవాణ్ని అనుమానించింది. తర్వాత పక్కింటివాళ్లను. ఎలుకల్ని కూడా వదల్లేదు. కానీ ఎలుక ముడి వేయదు కదా. మూట మళ్లీ కడుతూ ముడిని వేళ్ల మధ్య తిప్పి చూస్తే అప్పుడు దొరికింది. ముడి తోక ఎడమకు పడి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతివాటం ఒక్క దీపకే. ఆ ముడి ఆ పిల్లకు నేర్పింది తనే. తాళం చెవి దొంగ చేతికిచ్చి, తలుపుకు తాళం వేశానని ఇన్నాళ్లూ గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంది.

అయినా అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్తపడుతుంది. ఆ పుస్తకం మాత్రం ఎక్కడిదో కనుక్కోవాలనుకుని జానీ మియా ఇంటికి నడిచింది.

జానీ మియా నూలుకు రంగు వేస్తాడు. చిలుకమ్మ మగ్గానికి నూలు ఎప్పటినుంచో ఆయన రంగు గోలేల్లోంచే వస్తోంది. ఆయన కూతురు ఆసిమా దీపతో పాటే చదువుతుంది. చిలుకమ్మ వచ్చేసరికి జానీ మియా మోచేతులదాకా ఎర్రగా ఉన్నాడు.

"రా చిలుకక్కా. ఈపారి ఎరుపు చూడు. ఉతికినా దిగదు. దిగితే నా పేరు మార్చుకుంట."

"నీ పేరు ఎన్నిసార్లని మార్చాలె జానీ భాయ్? ఆసిమా ఉన్నదా?"

ఆరోజు కాలేజీకి పోకుండా ఇంట్లోనే ఉన్న ఆసిమా బయటికి వచ్చింది. చిలుకమ్మ చెంగు చాటునుంచి నల్లపుస్తకం తీసి ఆ పిల్ల ఒడిలో పెట్టింది. ఆసిమా మొహం చూడగానే పుస్తకం ఎవరిదో తెలిసిపోయింది.

"నీదేనా?"

"నాదే అమ్మమ్మా. నేనే ఇచ్చిన."

"జర సీదాగ చెప్పు బిడ్డా. దీంట్ల ఏమున్నది?"

"స్టోరీ. ఫాంటసీ."

"గదేంది?"

"ఉట్టిదే అమ్మమ్మా. నిజంగ కానిది."

"నిజం కానిదానికి గింత లావెందుకు? కూసో. మొదటి నుంచి చెప్పు. నడిమిట్ల మింగకు."

ఆసిమా చెప్పింది. ఒక పిల్ల. ఆమె తమ్ముడు కాలువలో పడి చనిపోయాడు. నిద్రలోంచి నడుచుకుంటూ పోతే ఒక ఊరు వస్తుంది. పోయినవాళ్లంతా అక్కడ ఉంటారు. ఆ ఊరి దర్వాజా దగ్గర కళ్లు లేని మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. లోపలికి పోవాలంటే పోయినవాళ్ల వస్తువు ఒకటి వాడికి ఇవ్వాలి. ఇచ్చిన వస్తువు మళ్లీ ఇంట్లో కనబడదు. ఆ పిల్ల ఒకరోజు తమ్ముడి అంగీ ఇచ్చింది, మరోరోజు బంతి ఇచ్చింది, ఫోటో ఇచ్చింది.

"ఇచ్చుకుంట పోతే అయిపోవా?"

"అయిపోతయ్. అప్పుడు గా దర్వాజా మనిషి అంటడు, ఇంకొకటి మిగిలింది గద అని. ఏందంటే, నువ్వే అంటడు. నువ్వు వాని అక్కవు, నువ్వు గూడ వాని సామానువే అంటడు."

గోలెంలో రంగు కుతకుతమంటోంది. జానీ మియా కూడా కర్ర తిప్పడం ఆపి వింటున్నాడు.

"ఇచ్చిందా?" అని అడిగింది చిలుకమ్మ.

"ఆఖరి చాప్టర్ నేను చదవలే. అప్పుడే దీప తీస్కపోయింది. ఫికర్ చేయకు అమ్మమ్మా, స్టోరీయే గద."

చిలుకమ్మ పుస్తకం లాక్కుని లేచింది. స్టోరీ అట. స్టోరీ అయితే పచ్చచీర ఏది? చెప్పులు ఏవి? దారిలో ఎవరో పలకరిస్తే పలకలేదు. ఇంటికి వచ్చి మూట విప్పితే రెండు రవికలు, ఒక దువ్వెన మిగిలాయి. దువ్వెన పళ్ల మధ్య శోభారాణి వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. అవి అయిపోతే ఇంట్లో శోభారాణిది ఇంకేం ఉంది? చిలుకమ్మ మంచం వైపు చూసింది. పిల్ల కాలేజీలో ఉంది, మంచం ఖాళీగా ఉంది. పుస్తకాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, ముడి తోకను ఎడమకే పడేట్టు మూట కట్టింది.

ఆ ఆదివారం మగ్గం మీద కూర్చుని, తల ఎత్తకుండా, చెవులు మాత్రం అటక మీద పెట్టింది. మధ్యాహ్నం దీప స్టూలు వేసుకుని ఎక్కింది, దిగింది.

"ఎటు?"

"ఆసిమా ఇంటికి."

"పోయిరా."

పిల్ల సందు మలుపు తిరగగానే చిలుకమ్మ చెంగు నెత్తిన కప్పుకుని వెంట బయలుదేరింది. దీప జానీ మియా ఇల్లు దాటిపోయింది. ఆగలేదు. బడి వెనక సందులోకి తిరిగి ఒక రేకుల ఇంట్లోకి పోయింది. అది భారతి ఇల్లు. శోభారాణితో కలిసి బడిలో వంట చేసిన మనిషి. ఇద్దరిదీ ఒకే ఈడు.

గడప దగ్గర చెప్పులు చూసి చిలుకమ్మ నిలబడిపోయింది. శోభారాణివి. కుడికాలి మడమ పక్కకు అరిగినవి. ఒక్క గడియ, ఒక్క గడియే, బిడ్డ లోపల ఉందని ఆ తల్లి అనుకుంది. ఎవరినీ నమ్మని మనిషి ఆ చెప్పుల్ని నమ్మింది.

ఓరగా వేసిన తలుపు సందులోంచి చూస్తే లోపల భారతి పచ్చచీర కట్టుకుని కూర్చుంది. శోభారాణి దువ్వెనతో తల దువ్వుకుంటోంది. దీప ఎదురుగా నేలమీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ముందు కంచంలో అన్నం ఉంది.

"నిన్న గూడ నా కలల వచ్చింది," అంటోంది భారతి. "బడి వంటింట్ల కూసోని గుడ్లు ఒలుస్తాంది. జుట్టు ఇరబోసుకున్నది. నా దువ్వెన ఏది భారతీ అన్నది. గందుకే నీకు చెప్పిన."

"నన్ను అడిగిందా చిన్నమ్మా?"

"అడిగింది."

"ఏమని?"

"తిన్నదా అని. తిను మరి."

దీప ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. చిలుకమ్మ తలుపు తోసింది. భారతి చేతిలోంచి దువ్వెన జారిపోయింది.

"చీర అడిగింది, చెప్పులు అడిగింది, డబ్బా అడిగింది. ఇయ్యాల దువ్వెన," అంది చిలుకమ్మ. గొంతు పెంచలేదు. "నా బిడ్డ బతికున్నప్పుడు ఎవరినన్న ఒక్కటంటే ఒక్కటి అడిగిందానే? మొగడు పెట్టె సదురుకోని పోతాంటే ఉండుమని గూడ అడగలే. సచ్చినంక గిన్ని అడుగుడు నేర్చిందా?"

భారతి తల వంచుకుంది.

"మొదలు నిజంగనే వచ్చింది పెద్దమ్మా. దినాలైన తెల్లారి. పచ్చచీర కట్టుకోని బడి గేటుకాడ నిలబడ్డది. ఏం మాట్లాడలే. గంతే దీపకు చెప్పిన. నాకు తెల్వక చెప్పిన."

తర్వాతది చిలుకమ్మకు చెప్పనక్కరలేదు. పోయినవాళ్లు కలలో వచ్చి ఏదైనా కోరితే, వాళ్ల ఈడు మనిషికి అది ఇస్తారు. ఆ మనిషి కట్టుకుంటే పోయినవాళ్లకు ముడుతుందంటారు. వాడలో అందరూ చేసేదే. చిలుకమ్మ మొగుడి కండువా కూడా అట్లాగే ఇంకొకరి భుజం ఎక్కింది.

"చీర తెచ్చి, కట్టుకో చిన్నమ్మా అన్నది. వద్దన్న. ఏడ్సింది."

"ఏడ్సిందా? ఇది?"

"ఏడ్సుడంటే ఏడ్సుడా. ఊపిరాడలే."

చిలుకమ్మకు అది చీర పోయినదానికన్నా ఎక్కువ తగిలింది. తన ఇంట్లో ఒక్క చుక్క రాల్చని పిల్ల, ఈ రేకుల కింద, పరాయిదాని ముందు ఏడ్చింది.

"తర్వాత?"

"తర్వాత శోభ రాలే. ఇది మాత్రం రోజు వస్తాంది. కూసోని నా మొహం చూస్తది. ఏమన్న చెప్తే నాలుగు ముద్దలు తింటది. చెప్పకపోతే తినది. గందుకే నేనే అల్లిన."

"చీర మంచిగుందని కట్టుకున్నవా, పిల్ల తింటదని కట్టుకున్నవా?"

భారతి ఆలోచించింది. "రెండు పెద్దమ్మా," అంది.

ఆ మాటను చిలుకమ్మ నమ్మింది. ఒక్కటే చెప్పి ఉంటే నమ్మేది కాదు.

దీప లేచి నిలబడింది. ఎంగిలిచెయ్యి గాల్లోనే ఉంది.

"అంటే నేను తిన్ననా అని అమ్మ అడగలే," అంది.

భారతి ఏదో అనబోతే చిలుకమ్మ చేత్తో ఆపింది. ఇప్పుడు తను గెలిచింది. అనుమానించింది, వెంటబడింది, పట్టుకుంది. అయినా పిల్ల మొహం చూస్తే అది గెలుపులా లేదు. పడుగులో పోగు తెగబోయేముందు సన్నగా వణుకుతుంది. ఆ వణుకు చూసినప్పుడు చేయి వేయకూడదు, వేయకుండా ఉండకూడదు. చిలుకమ్మ పోయి పిల్ల మణికట్టు పట్టుకుంది.

"గా బుక్కు కథ నాకు తెలుసు. ఆసిమా చెప్పింది. మీ అమ్మ సామాన్లు అయిపోయినంక ఏం చేద్దామనుకున్నవ్?"

దీప నేల చూసింది. "ఆఖరి చాప్టర్ చదవలే. సామాన్లు అయిపోయినంక చదువుదామని పెట్టుకున్న."

"అండ్ల పొమ్మని ఉంటే పోతవా?"

"తెల్వది."

పోను అనలేదు. తెలియదు అంది. చిలుకమ్మ పట్టు బిగిసింది.

"ఇను. సామాన్లల్ల నువ్వే మిగిలినవని చెప్తదట గా బుక్కు. అబద్దం. నేనున్న. అది నా కడుపుల పుట్టింది, నీ కడుపుల కాదు. పోయేదుంటే ముందు నా వంతు. రేషన్ కాడ ముసల్దాని ముందట జొరబడితే ఊకుంటనా? లైన్ల నా ముందట నిలబడకు."

భారతి ఏడుస్తూనే నవ్వింది. దీప నవ్వలేదు. మణికట్టు విడిపించుకోలేదు కూడా.

"నీకేంది," అంది పిల్ల. "నీ దగ్గరికి అమ్మ రోజు వస్తది. నా ఒక్కదానికే రాదు."

"ఎవ్వరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పుడేంది, నేనే విన్న. నువ్వు నిద్రల మాట్లాడ్తవ్. శోభా, శోభా అంటవ్. ఒక్కొక్కపారి నవ్వుతవ్. నేను పక్కకే పండుకుంట. నీ దగ్గరికి వచ్చినామె ఇంత పక్కకు జరిగి నా దగ్గరికి రాదా?"

బిడ్డ పోయిననాటి నుంచి చిలుకమ్మకు ఒక్క కలా గుర్తులేదు. పడుకోవడం తెలుసు, లేవడం తెలుసు, నడుమ అంతా నల్లటి గుడ్డ. రోజూ లేవగానే ఆ గుడ్డను తిరగేసి, మరగేసి, బిడ్డ ఎక్కడైనా కనబడుతుందా అని వెతుక్కునేది. కనబడదని ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

"నాకు ఏ కలా తెల్వదు బిడ్డా. లేస్తే ఏముండది."

"అబద్దం."

దీప తల కొంచెం పక్కకు వంచి చూస్తోంది. ఆ చూపు చిలుకమ్మకు బాగా తెలుసు. పాలగిన్నె వంచినప్పుడు పాలవాడు చూసేది ఆ చూపునే. ఇన్నేళ్లలో తనవైపు ఎవరూ అట్లా చూడలేదు.

"ఒట్టు," అంది చిలుకమ్మ.

"ఒట్టు అందరు పెడ్తరు."

అదీ నిజమే. చిలుకమ్మ కూడా ఒట్లను నమ్మే మనిషి కాదు. అసలు ఆమెకు ఇప్పుడు తన మీదే నమ్మకం లేదు. శోభా అన్నదట. నవ్విందట. ఊరందరి మీదా కన్నేసి కాపలా కాసింది కానీ, తన నిద్ర తన బిడ్డను ఎక్కడికో పిలుచుకుని, మాట్లాడి, తెల్లారకముందే దాచేసి, ఏమీ ఎరగనట్టు ఉత్త చేతులతో తనను లేపుతోందా? ఇంతకన్నా దొంగ ఎవరుంటారు?

"నడువ్ ఇంటికి," అంది.

భారతి చీర విప్పి ఇస్తానంది. చిలుకమ్మ వద్దంది. "కట్టుకో. ఇచ్చింది ఇచ్చినట్టే. కలలు మాత్రం అల్లకు. అల్లే పని మా కులవృత్తి, నీకు రాదు. అన్నం మాత్రం పెట్టు, ఉట్టిగనే తింటది." తినను అంటుందేమో అని ఓరకంట పిల్లను చూసింది. పిల్ల కంచం ముందు మళ్లీ కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, మిగిలిన అన్నం తినేసి చెయ్యి కడుక్కుంది.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. చిలుకమ్మ పొద్దుండగా నడుము వాల్చి ఎరగదు. పురుడొచ్చినప్పుడు తప్ప ఆ ఇంట్లో పగటిపూట ఆమె పడుకోగా చూసినవాళ్లు లేరు. ఆరోజు చాప పరుచుకుంది.

"నాకు పానం మంచిగ లేదనుకోకు," అంది. "నేను పండుకుంట. నువ్వు కూసో. నేను గొణిగితే లేపకు, విను. ఏమన్ననో ఉన్నదున్నట్టు చెప్పాలె. ఒక్క మాట కలిపినా నాకు తెలుస్తది."

"నువ్వు నిద్రల ఉంటవ్ గద. ఎట్ల తెలుస్తది?"

"తెలుస్తది."

"నువ్వు లేచి అబద్దమాడితే?"

"గందుకే గద నిన్ను కూసోమన్నది."

దీప కాసేపు నిలబడి చూసింది. ఇది తనను మంచానికి దూరంగా ఉంచే ఎత్తేమో అని ఆ పిల్లకు అనుమానం. అనుమానం నిజమే కూడా. కానీ అది సగమే. చివరికి గోడకు వీపు ఆనించి, చాప పక్కనే కూర్చుంది.

"నీకు నిద్ర రాదా?" అని అడిగింది చిలుకమ్మ.

"నేను పండుకుంటే ఎవరు వింటరు?"

పక్కింటి మగ్గం టకటకమంటోంది. చిలుకమ్మ పక్కకు ఒత్తిగిలి కళ్లు మూసుకుంది. కొంచెంసేపు ఆగి ఒక కన్ను సన్నగా తెరిచింది. పిల్ల అక్కడే ఉంది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి, తన పెదవుల వంకే చూస్తోంది.

"కండ్లు మూయ్ అమ్మమ్మా. దొంగనిద్ర నాకు తెల్వదా?"

చిలుకమ్మ ఆ కన్ను కూడా మూసింది. పిల్ల ఉందో, లేచి పోయిందో చూసుకునే వీలు ఇక లేదు.